పక్కింటి గోడ లేచేదాకా తెలియదు: రాయ్‌పూర్‌లో ఇరుగుపొరుగుకు నోటీసు ఎక్కడ ఆగిపోతోంది?

రాయ్‌పూర్‌లో ఎవరైనా తమ స్థలం హద్దులు కొలిపించుకోవాలంటే తహసీల్దారుకు దరఖాస్తు పెట్టుకోవాలి. అక్కడ దీన్ని 'సీమాంకన్' అంటారు. రెవెన్యూ ఇన్‌స్పెక్టర్, పట్వారీ కొలతకు రాకముందే చుట్టూ ఉన్న భూముల వాళ్లకు కబురు వెళ్లాలి. వాళ్లకు చెప్పకుండా చేసిన కొలత తర్వాత వివాదంలో నిలబడటం కష్టం. తెలుగు రాష్ట్రాల్లో ఎఫ్-లైన్ సర్వేకు అర్జీ పెట్టిన ఎవరికైనా ఈ పద్ధతి తెలిసిందే. హద్దుదారులకు నోటీసు ఇవ్వందే సర్వేయర్ పని మొదలుపెట్టడు.

అదే స్థలంలో యజమాని పాత పెంకుటిల్లు కూల్చేసి నాలుగంతస్తులు లేపాలనుకుంటే? కింద షాపులు, పైన కోచింగ్ సెంటర్ పెట్టాలనుకుంటే? అప్పుడు పక్కింటివాళ్లకు ముందుగా ఒక్క కాగితం పంపాలని ఛత్తీస్‌గఢ్ నగర ప్రణాళిక చట్టం చెప్పదు. అంగుళం అటూ ఇటూ జరిగే హద్దు రాయి విషయంలో పొరుగువాడిని పిలిచే వ్యవస్థ, అతని ఇంటికి వెలుతురు ఆపే గోడ విషయంలో మాత్రం పిలవదు.

రాష్ట్ర రాజధాని అయిన 2000 నవంబర్ నుంచి రాయ్‌పూర్ ఆగకుండా పెరుగుతోంది. 70 వార్డులు, 10 జోన్ల నగరపాలక సంస్థ. పక్కనే నవా రాయ్‌పూర్. విశాఖపట్నం దాకా 464 కిలోమీటర్ల ఆరు వరసల రహదారి పనులతో శివార్లలో భూమికి గిరాకీ ఎక్కువైంది. రైల్వే ఉద్యోగాల మీద, భిలాయ్ ఉక్కు కర్మాగారం పనుల మీద తరాల కిందట వచ్చి ఈ ప్రాంతంలో ఇళ్లు కట్టుకున్న తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. ఆంధ్రలో ఉంటూ ఇక్కడ ప్లాటు కొనిపెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. పక్క స్థలంలో ఏం రాబోతోందో వీళ్లలో ఎవరికైనా ముందుగా ఎలా తెలుస్తుంది? సూటిగా చెప్పాలంటే, చాలా సందర్భాల్లో జేసీబీ వచ్చినప్పుడే.

మూడు గుమ్మాలు

రాయ్‌పూర్‌లో స్థలం వినియోగం మారడానికి, దాని మీద కట్టడం లేవడానికి సాధారణంగా మూడు కార్యాలయాలు దాటాలి. వ్యవసాయ భూమిని ఇళ్లకో వ్యాపారానికో మళ్లించే 'డైవర్షన్' వ్యవహారం రెవెన్యూ శాఖది. మాస్టర్ ప్లాన్‌లో ఆ స్థలం ఏ రంగులో ఉంది, అక్కడ ఏం కట్టుకోవచ్చు అనేది నగర, గ్రామీణ ప్రణాళిక శాఖ చూస్తుంది. దాని హిందీ పేరు నగర్ తథా గ్రామ్ నివేశ్. నగరం లోపల కట్టడానికి అనుమతి నగర్ నిగమ్ ఇస్తుంది. నిగమ్ ప్రధాన కార్యాలయాన్ని స్థానికులు 'వైట్ హౌస్' అని పిలుచుకుంటారు.

ఈ వ్యవస్థకు వెన్నెముక 1973 నాటి నగర్ తథా గ్రామ్ నివేశ్ అధినియమ్. మధ్యప్రదేశ్‌లో పుట్టిన ఈ చట్టం రాష్ట్ర విభజనతో ఛత్తీస్‌గఢ్‌కు వచ్చింది. దానికి తోడు 1984 నాటి భూమి వికాస్ నియమాలు, 1956 నాటి మున్సిపల్ కార్పొరేషన్ చట్టం ఉన్నాయి. పాతవే అయినా ఇవి ప్రజలకు నోటీసు ఇవ్వాలన్న ఆలోచన లేని చట్టాలు కావు. కాకపోతే ఆ నోటీసు పై అంతస్తులోనే ఆగిపోయింది.

నగరం మొత్తానికి మాస్టర్ ప్లాన్ తయారుచేసేటప్పుడు ముందుగా ప్రస్తుత భూ వినియోగ పటాలను ప్రచురించాలి. అభ్యంతరాలు చెప్పుకోవడానికి గడువు ఇవ్వాలి. ఆ తర్వాత ముసాయిదా ప్లాన్‌ను మళ్లీ ప్రచురించి 30 రోజులు ఇవ్వాలి. ఇప్పుడు అమల్లో ఉన్న 2031 ప్లాన్ ఈ దారిలోనే వచ్చింది. ఒకసారి ఆమోదం పొందిన ప్లాన్‌లో ప్రభుత్వం మార్పు చేయాలనుకుంటే 23-ఎ సెక్షన్ కింద రెండు దినపత్రికల్లో వరసగా రెండు రోజులు ప్రకటన వేయాలి. కలెక్టర్ కార్యాలయంలో ఒక ప్రతి అతికించాలి. అభ్యంతరాలకు 15 రోజుల గడువు.

ఇక అసలు కట్టడానికి అనుమతి అడిగే దశ, అంటే 29వ సెక్షన్. ఇక్కడ ఉండేది దరఖాస్తుదారు, అధికారి. మూడో మనిషి లేడు. దరఖాస్తు అందిన 60 రోజుల్లోపు డైరెక్టర్ ఏదీ తేల్చకపోతే అనుమతి వచ్చినట్టే లెక్క. అనుమతి నిరాకరిస్తే, లేదా షరతులు పెడితే, 31వ సెక్షన్ కింద అప్పీలుకు వెళ్లవచ్చు. ఆ అవకాశం దరఖాస్తుదారుకే. అనుమతి ఇచ్చినందువల్ల నష్టపోయిన పొరుగింటివాళ్లు ఆ తలుపు తట్టడానికి లేదు. కబురూ లేదు, అప్పీలూ లేదు.

ప్లాన్ గీసే దశలో అందరినీ అడిగాం కదా, ఒక్కొక్క ఇంటికీ మళ్లీ అడగడం ఎందుకు అనేది దీని వెనక తర్కం. మాస్టర్ ప్లాన్‌లో నివాస ప్రాంతమని ఉన్నచోట ఇల్లు కట్టుకోవడం యజమాని హక్కు, దానికి పక్కవాడి ఇష్టంతో పనేముంది? ఇందులో న్యాయం లేకపోలేదు. అయితే ఈ తర్కం నిలవాలంటే ఒక మెట్టు గట్టిగా ఉండాలి. నగరం పటానికీ వీధిలోని ప్లాటుకూ మధ్య ఉండే మెట్టు అది.

కమల్ విహార్ బయటపెట్టిన ఖాళీ

ఆ మెట్టు పేరు జోనల్ ప్లాన్. మాస్టర్ ప్లాన్ పటంలో ఒక మొహల్లా మొత్తం బొటనవేలు ముద్రంత కనిపిస్తుంది. ఏ వీధి ఎంత వెడల్పు, ఎక్కడ పార్కు, ఎక్కడ బడి, ఎక్కడ దుకాణాలు అనేది తెలిసేది జోనల్ ప్లాన్‌లోనే. దాన్నీ ముసాయిదాగా ప్రచురించి, అభ్యంతరాలు విన్నాకే ఖరారు చేయాలని 1973 చట్టమే చెబుతోంది. అంటే మామూలు మనిషి తన వీధిని గుర్తుపట్టి, 'ఇది మాకు ఇబ్బంది' అని చెప్పగలిగే దశ ఇది.

ఈ దశ లేకపోతే ఏమవుతుందో చూపించింది కమల్ విహార్. రాయ్‌పూర్ డెవలప్‌మెంట్ అథారిటీ నగరానికి దక్షిణాన పదిహేను వందల ఎకరాలకు పైగా భూమిని కలిపి ఒక టౌన్‌షిప్ తలపెట్టింది. కాగితాల మీద దాని పేరు నగర వికాస పథకం సంఖ్య 4. రైతుల దగ్గర, ప్లాట్ల యజమానుల దగ్గర భూమి తీసుకుని, రోడ్లూ డ్రైనేజీ వేసి, అందులో ఒక వాటాను అభివృద్ధి చేసిన ప్లాట్లుగా తిరిగి ఇవ్వడం ఆ పథకం. ఇటీవల దానికి కౌశల్యా మాతా విహార్ అని పేరు మార్చారు.

ఇలాంటి పథకాలకు 50వ సెక్షన్ ప్రకారం నోటీసు ఉంటుంది. ముందు ఉద్దేశాన్ని ప్రకటించాలి, గెజిట్‌లో వేయాలి, ముసాయిదా ప్రచురించాలి, అభ్యంతరాలకు 30 రోజులకు తగ్గకుండా గడువివ్వాలి, దెబ్బతినేవాళ్ల మాట వినాలి. కొందరు యజమానులు అభ్యంతరం చెప్పారు. తర్వాత బిలాస్‌పూర్ హైకోర్టుకు వెళ్లారు, అక్కడ ఓడారు. సుప్రీంకోర్టుకు వెళ్లారు. రాజేంద్ర శంకర్ శుక్లా వర్సెస్ ఛత్తీస్‌గఢ్ కేసులో 2015 జూలై 29న వాళ్లకు అనుకూలంగా తీర్పు వచ్చింది. జోనల్ ప్లాన్ లేకుండా ఈ పథకం తేవడం చెల్లదని కోర్టు తప్పుపట్టిన అంశాల్లో ఒకటి. అప్పీలుకు వెళ్లిన యజమానుల భూముల వరకు పథకాన్ని కొట్టేసింది.

అప్పటికే అక్కడ రోడ్లు పడ్డాయి, ప్లాట్లు అమ్మారు. పక్కపక్కనే ఉన్న రెండు పొలాల్లో ఒకటి కోర్టుకెక్కినందువల్ల పథకం బయట, రెండోది కోర్టుకెక్కనందువల్ల పథకం లోపల. ప్రజలకు చెప్పే ఒక దశను దాటేసినందుకు చివరికి తయారైన చిక్కు ఇది. జోనల్ ప్లాన్ అనేది నగర ప్రణాళిక అధికారుల లోపలి లాంఛనం కాదు, మొహల్లాకు ఇవ్వాల్సిన నోటీసు అని ఈ కేసును చదివితే అర్థమవుతుంది. తీర్పులో ఎక్కువ భాగం అధికార పరిధుల చర్చే అయినా, వీధిలో ఉండేవాళ్లకు పనికొచ్చే సంగతి ఇదే.

నోటీసు ఉన్నచోట కూడా చేరుతోందా?

పత్రికలో ప్రకటన వేస్తే చాలునా అనేది ఇంకో ప్రశ్న. భూ వినియోగ మార్పు ప్రకటనలు లోపలి పేజీల్లో, టెండర్ల మధ్య, చిన్న అక్షరాల్లో వస్తాయి. ఖస్రా నంబరు, పట్వారీ హల్కా నంబరు, హెక్టార్లలో విస్తీర్ణం, 'నివాస నుంచి వాణిజ్య' అన్న రెండు మాటలు. తన ఇంటి ఖస్రా నంబరే గుర్తులేని మనిషి పక్కింటి నంబరు గుర్తుపట్టి, 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. శ్రీకాకుళంలో ఉంటూ రాయ్‌పూర్‌లో ప్లాటు పెట్టుకున్న యజమాని కంట ఆ హిందీ పత్రిక పడే అవకాశమే తక్కువ.

ఇది రాయ్‌పూర్ ఒక్కదాని జబ్బు కాదు. తెలంగాణలో కామారెడ్డి ఉదాహరణ ఇంకా పాతబడలేదు. ఆ పట్టణ మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో తమ సాగు భూములు పారిశ్రామిక జోన్‌లో పడ్డాయని 2023 జనవరి మొదట్లో రైతులు రోడ్డెక్కారు. ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. ఇది ముసాయిదానే, అభ్యంతరాలకు గడువు ఉంది అని అధికారులు చెప్పారు. చట్టం ప్రకారం ఆ మాట నిజమే. కానీ రైతుకు అది చేరింది పుకారుగా, భయంగా. చివరికి ఆ నెల 20న మున్సిపల్ కౌన్సిల్ ముసాయిదాను వెనక్కి తీసుకుంటూ తీర్మానం చేసింది. గెజిట్‌లో ఉన్న నోటీసుకూ ఇంటికి చేరిన నోటీసుకూ మధ్య దూరం ఎంత ప్రమాదకరమో ఇంతకన్నా చెప్పే ఉదాహరణ దొరకదు.

ఫ్యాక్టరీల విషయంలో మాత్రం దేశంలో వేరే పద్ధతి ఉంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం పెద్ద పరిశ్రమ రావాలన్నా, విస్తరించాలన్నా చాలావరకు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. 30 రోజుల ముందు ఒక జాతీయ పత్రికలో, ఒక స్థానిక భాషా పత్రికలో ప్రకటన ఇవ్వాలి. రాయ్‌పూర్ చుట్టూ ఉన్న స్పాంజ్ ఐరన్, స్టీలు ఫ్యాక్టరీల విస్తరణకు జరిగే ఈ సభలు అక్కడి గ్రామాలకు మామూలే. అవి ఎంత నిజాయితీగా జరుగుతాయన్నది వేరే సంగతి, కనీసం మైకు ఉంటుంది. అదే నోటిఫికేషన్ భవనాలు, టౌన్‌షిప్‌లకు ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఇచ్చింది. 20,000 చదరపు మీటర్లు దాటిన భారీ భవనానికి పర్యావరణ అనుమతి కావాలి, పొరుగువాళ్లను అడగక్కర్లేదు.

ఒక్క రూపాయి అనుమతి

ఈలోగా అనుమతులు వేగమయ్యాయి. 2022లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 'డైరెక్ట్ భవన్ అనుజ్ఞ' తెచ్చింది. 5,000 చదరపు అడుగుల లోపు నివాస ప్లాట్లకు ఒక్క రూపాయి దరఖాస్తు రుసుముతో, అధికారి బల్ల దగ్గర ఫైలు ఆగకుండా, ఆన్‌లైన్‌లోనే అనుమతి. తెలంగాణ అంతకు ముందే, 2020లో టీఎస్-బీపాస్‌తో ఈ దారి పట్టింది. అక్కడ 75 చదరపు గజాల దాకా రిజిస్టరు చేసుకుంటే చాలు. 600 చదరపు గజాల లోపు, 10 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి. అంతకు మించితే 21 రోజుల్లో.

ఇల్లు కట్టుకోవడానికి ఆరు నెలలు తిరిగి, ప్రతి బల్ల దగ్గరా చేయి తడిపినవాళ్లకు ఇది పెద్ద ఊరట. దాన్ని తక్కువ చేయలేం. కానీ పాత పద్ధతిలో కనీసం ఒక సబ్ ఇంజినీరు స్థలానికి వచ్చేవాడు. వచ్చినప్పుడు పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగిచూసి 'ఏంటి సంగతి' అని అడిగేవాళ్లు. చట్టంలో లేని నోటీసు అలా అందేది. యజమాని చెప్పిందే సరైనదని నమ్మి అనుమతి ఇచ్చే పద్ధతిలో ఆ తనిఖీ తర్వాతి దశకు జరిగిపోయింది. నిజానికి యజమాని చెప్పింది తప్పయితే పట్టుకోగల మొదటి మనిషి పక్కింటివాడే. సెట్‌బ్యాక్ ఎంత వదిలారో, రోడ్డు నిజంగా ఎంత వెడల్పు ఉందో అతనికి టేపు లేకుండానే తెలుసు. అలాంటి ఉచిత తనిఖీదారును వ్యవస్థే దూరం పెట్టుకుంటోంది.

ముందు అడగని పొరుగువాడు తర్వాత కూడా నష్టపోయే దారి ఇంకొకటి ఉంది, క్రమబద్ధీకరణ. అనుమతి లేని కట్టడాలను రుసుము కట్టించుకుని క్రమబద్ధం చేసే చట్టం ఛత్తీస్‌గఢ్‌లో 2002 నుంచి ఉంది. 2022లో దాన్ని సవరించి, ఆ ఏడాది జూలై 14కు ముందున్న కట్టడాలకు అవకాశమిచ్చారు. పార్కింగ్ స్థలం తక్కువైతే, తగ్గిన ప్రతి కారుకూ ఇంత అని అదనపు జరిమానా కట్టి గట్టెక్కవచ్చు. ఆ డబ్బు ఖజానాకు వెళ్తుంది. ఆ కార్లు పక్కింటి గేటు ముందు నిలబడతాయి.

ఇతర దేశాల్లో ఎలా?

అమెరికాలో తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో న్యూజెర్సీ ఒకటి. అక్కడ ఇంటికో గుడికో జోనింగ్ నిబంధనల నుంచి మినహాయింపు కోరితే, ఆ స్థలానికి 200 అడుగుల లోపు ఉన్న ఆస్తుల యజమానులందరికీ విచారణకు కనీసం 10 రోజుల ముందు దరఖాస్తుదారే సొంత ఖర్చుతో నోటీసు పంపాలి. ఎవరెవరికి పంపాలో చెప్పే జాబితా పట్టణ పన్ను కార్యాలయం ఇస్తుంది. దానికి రుసుము పేరుకు పాతిక సెంట్లు, లేదా మొత్తం జాబితాకు 10 డాలర్లు, ఏది ఎక్కువైతే అది. నేరుగా చేతికివ్వాలి, లేదా సర్టిఫైడ్ పోస్టులో పంపాలి. పంపినట్టు ప్రమాణపత్రం దాఖలు చేయాలి. ఇందులో లోపముంటే విచారణే సాగదు. నిబంధనలకు పూర్తిగా లోబడి కట్టే మామూలు ఇంటికి మాత్రం ఈ తతంగం లేదు.

ఇంగ్లండ్‌లో స్థానిక సంస్థే పని చేస్తుంది. దరఖాస్తు వస్తే స్థలం దగ్గర బోర్డు పెట్టడమో, ఆనుకుని ఉన్న ఇళ్లకు ఉత్తరాలు వేయడమో చేసి 21 రోజులు ఇస్తుంది. స్కాట్లండ్‌లో 20 మీటర్ల లోపు ఉన్నవాళ్లకు చెప్పాలి.

ఇలా అడగడంలో ప్రమాదం లేదా? ఉంది. ఇరుగుపొరుగు చేతికి అధికారం వస్తే అది పేదవాడి మీదకో, వేరే కులం మీదకో, వేరే మతం మీదకో తిరగడం ఎంతసేపు? అమెరికా అనుభవం ఇక్కడ పనికొస్తుంది. 1917లో లూయివిల్ నగరం జాతి ఆధారంగా చేసిన నివాస నిబంధనను అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. 1928లో సియాటెల్ నుంచి ఇంకో కేసు వచ్చింది. పేద వృద్ధులకు ఆశ్రమం కట్టాలంటే 400 అడుగుల లోపు ఉన్న ఆస్తుల్లో మూడింట రెండు వంతుల యజమానుల సమ్మతి కావాలని అక్కడి నిబంధన. అది చెల్లదని కోర్టు తేల్చింది. పొరుగువాళ్ల ఇష్టాయిష్టాలకు ఒకరి ఆస్తి హక్కును వదిలేయడం కుదరదన్నది దాని సారం.

కాబట్టి నోటీసు వేరు, సమ్మతి వేరు. పక్కింటివాళ్ల సంతకం లేనిదే ఇల్లు కట్టకూడదనే నిబంధన మన ఊళ్లలో వస్తే, ఏ పేట వాళ్లకు ఏ పేటలో సంతకాలు దొరకవో ఊహించడం కష్టం కాదు. అద్దెకు ఇల్లు అడిగితేనే 'మీరేమిట్లు' అని అడిగే దేశం మనది. నోటీసు ఇవ్వాలి, అభ్యంతరం వినాలి, కానీ అది వెలుతురు, గాలి, మురుగు, రోడ్డు, పార్కింగ్, తవ్వకం లాంటి విషయాలకే పరిమితం కావాలి. ఆ ఇంట్లోకి ఎవరు వస్తారు, ఏం వండుకుంటారు అన్నది ఆ జాబితాలో ఉండకూడదు. నిర్ణయం అధికారిదే, కారణాలు రాతలో ఉండాలి.

కోర్టులు ఏం గుర్తించాయి?

చట్టం ముందుగా పిలవకపోయినా, కోర్టులు పొరుగువాడిని పూర్తిగా బయట నిలబెట్టలేదు. దీనికి మూలం కర్ణాటకలోని ఉడుపి. అక్కడ నివాస ప్రాంతంలో కల్యాణ మంటపం అని మొదలైన కట్టడం సినిమా హాలుగా మారింది. ఒక నివాసి అభ్యంతరం చెప్పి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1974లో వచ్చిన ఆ తీర్పు ప్రకారం, పట్టణ ప్రణాళికకు విరుద్ధంగా ఇచ్చిన అనుమతి ఆ ప్రాంతంలో ఉండేవాళ్ల ఆస్తి అనుభవాన్ని దెబ్బతీస్తుంది, దాన్ని ప్రశ్నించే హక్కు వాళ్లకు ఉంది. పొరుగువాళ్ల తరఫున వాదించే లాయర్లు ఇప్పటికీ ఈ కేసుతోనే మొదలుపెడతారు.

రాయ్‌పూర్‌కు వర్తించే 1956 మున్సిపల్ కార్పొరేషన్ చట్టంలో 307వ సెక్షన్ ఐదో ఉప సెక్షన్ కూడా అక్కరకొస్తుంది. చట్టానికి విరుద్ధమైన కట్టడాన్ని తొలగించాలని, మార్చాలని జిల్లా కోర్టును ఆశ్రయించే హక్కు కార్పొరేషన్‌తో పాటు 'మరే వ్యక్తికైనా' ఉందని అది అంటోంది. అంతకంటే పాతది 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం. ఆ ఏడాది జూలై 1న అది అమల్లోకి వచ్చినప్పుడు వర్తించిన ప్రాంతాలు మూడే: మద్రాసు, సెంట్రల్ ప్రావిన్సెస్, కూర్గ్. అంటే కోస్తా ఆంధ్ర, రాయ్‌పూర్ ఈ విషయంలో మొదటి రోజు నుంచీ ఒకే చట్టం కింద ఉన్నాయి. 20 ఏళ్లు నిరాటంకంగా ఒక భవనానికి అందిన వెలుతురు, గాలి ఆ చట్టం కింద హక్కుగా మారతాయి.

ఇవన్నీ గోడ లేచాక, లేదా లేస్తుండగా పనికొచ్చే మందులు. ఆలస్యమైతే ఎంత ఖరీదో నోయిడా జంట టవర్లు చెప్పాయి. సూపర్‌టెక్ ఎమరాల్డ్ కోర్టులో అప్పటికే ఉంటున్నవాళ్ల సమ్మతి లేకుండా సవరించిన ప్లాన్‌తో రెండు కొత్త టవర్లు లేచాయి. నివాసుల సంఘం ప్లాన్ ప్రతులు అడిగితే నోయిడా అథారిటీ బిల్డర్‌ను అడిగింది. బిల్డర్ ఇవ్వవద్దన్నాడు, అథారిటీ ఇవ్వలేదు. 16 మీటర్లు ఉండాల్సిన ఎడం 9 మీటర్లే ఉంది. అలహాబాద్ హైకోర్టు 2014లో, సుప్రీంకోర్టు 2021 ఆగస్టు 31న కూల్చివేతకే మొగ్గాయి. 2022 ఆగస్టు 28న సుమారు వంద మీటర్ల ఎత్తున్న టవర్లు కొన్ని సెకన్లలో నేలమట్టమయ్యాయి. మొదట్లోనే ప్లాన్ చేతికిచ్చి ఉంటే ఆ సంఘం అభ్యంతరం పునాది దశలోనే నమోదయ్యేది.

పొరుగువాడు ఏం చేయగలడు?

రాయ్‌పూర్ లాంటి నగరంలో మార్పుకు పెద్ద చట్టమేమీ అక్కర్లేదు. ప్రతి ఇంటికీ ఆస్తిపన్ను ఖాతా ఉంది. ఆన్‌లైన్ దరఖాస్తులో స్థలం ఎక్కడుందో ఉంటుంది. ఆనుకుని ఉన్న నాలుగైదు ఖాతాల ఫోన్లకు హిందీలో ఒక సందేశం, స్థలం ముందు ఒక బోర్డు. మామూలు ఇంటికి ఈ సమాచారం చాలు. భూ వినియోగం మారినప్పుడు, ఎత్తు మినహాయింపు అడిగినప్పుడు, నివాస వీధిలోకి ఆస్పత్రో ఫంక్షన్ హాలో వస్తున్నప్పుడు మాత్రం గడువుతో కూడిన విచారణ ఉండాలి. ఒకటి చెప్పడం, రెండోది అడగడం. రెండింటినీ కలిపేస్తే ఒక్క రూపాయి అనుమతి మళ్లీ ఆరు నెలల ఫైలవుతుంది.

అది వచ్చేదాకా ఉన్న సాధనాలతోనే గడపాలి. సొంత స్థలం ఖస్రా నంబరుతో పాటు నాలుగు వైపులా ఉన్న నంబర్లు రాసిపెట్టుకోవడం మొదటి పని. పత్రికలో ప్రకటన వచ్చినా గుర్తుపట్టేది వాటితోనే. 2031 మాస్టర్ ప్లాన్‌లో తమ వీధి ఏ వినియోగంలో ఉందో ఒకసారి చూసుకుంటే, పక్కన వస్తున్నది అక్కడ చెల్లుతుందా లేదా అనేది సగం తేలిపోతుంది. అనుమతి పత్రం, ఆమోదించిన ప్లాన్ ప్రతి కోసం సమాచార హక్కు చట్టం కింద నిగమ్‌కు దరఖాస్తు పెట్టవచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇది మూడో పక్షం సమాచారమని బిల్డర్ అడ్డుచెప్పవచ్చు, అయినా ప్రజా ప్రయోజనం ఎక్కువని తేలితే ఇవ్వాల్సిందే. ఫిర్యాదుకు పట్టణ సంస్థల 'నిదాన్' హెల్ప్‌లైన్ నంబరు 1100 ఉంది. కానీ ఫోన్ ఫిర్యాదుతో పాటు జోన్ కార్యాలయంలో రాసిచ్చి, పావతీ అంటే రసీదు తీసుకుంటేనే రేపు కోర్టులో 'అప్పుడే చెప్పాం' అని చూపించుకోగలరు. పిల్లర్లు లేవకముందు పెట్టిన కాగితానికీ, స్లాబు పడ్డాక పెట్టినదానికీ న్యాయస్థానంలో విలువ ఒకటి కాదు.

ఇంకో ఆయుధం కొత్తది. రాజేంద్ర కుమార్ బర్జాత్యా కేసులో 2024 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు దేశమంతటికీ కొన్ని ఆదేశాలిచ్చింది. వాటి ప్రకారం నిర్మాణం జరుగుతున్నంత కాలం ఆమోదించిన ప్లాన్ ప్రతిని కట్టడం దగ్గరే అందరికీ కనిపించేలా పెట్టాలి. ఇది దరఖాస్తుకు ముందు ఇచ్చే నోటీసు కాదు, అనుమతి వచ్చాక పెట్టే కాగితం. అయినా సెట్‌బ్యాక్ ఎంత, అంతస్తులు ఎన్ని, కింద ఉన్నది పార్కింగా దుకాణమా అనేది అందులో ఉంటుంది. రోడ్డు మీద నిలబడి ఫోన్‌లో ఫొటో తీసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ప్లాన్ కనిపించకపోతే, జోన్ కార్యాలయంలో ఇచ్చే ఫిర్యాదులో మొదటి వాక్యం అదే కావచ్చు.